రెయిలింగు వదలని చెయ్యి

దూర వ్యాయామ సహాయ విభాగం సలహాదారు గారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే తప్పుంది. 'మీరు కాలు జారి పడినందుకు విచారిస్తున్నాం' అన్నారు. నేను కాలు జారలేదు. ఫ్యాను రెక్కల మీది దుమ్ము తుడుస్తుంటే ముందు స్టూలు కాలు విరిగింది. ఆ తర్వాత నా తుంటి ఎముక విరిగింది. వరస ముఖ్యం. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినదాన్ని. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసి రాసిన పిల్లలకు మార్కులు కోసేదాన్ని. మీ విచారానికి మాత్రం పూర్తి మార్కులు వేస్తున్నాను.

ఆసుపత్రి వాళ్ళు నన్ను ఇంటికి పంపుతూ తుంటిలో ఒక స్టీలు కడ్డీ, కుడి మణికట్టుకు కదలికలు లెక్కపెట్టే ఒక నల్లపట్టీ, ఒళ్ళో ఒక ట్యాబూ పెట్టారు. మూడింటిలోనూ కడ్డీ ఒక్కటే నోరెత్తకుండా తన పని తాను చేసుకుంటోంది. ట్యాబులో రోజూ ఒక అమ్మాయి ప్రత్యక్షమై, కుర్చీలో కూర్చుని కాలు చాపమంటుంది, ముడవమంటుంది. నేను చాపకముందే 'అద్భుతం! చాలా బాగా చేశారు!' అంటుంది. ఒకరోజు కావాలని బిగుసుకుని కూర్చున్నాను. అప్పుడూ అద్భుతమే అంది. నా సర్వీసు మొత్తంలో ఏ విద్యార్థినీ నేనింత ఘోరంగా మోసం చెయ్యలేదు.

సందేహాలుంటే ట్యాబులోనే టైపు చెయ్యమన్నారు. చేశాను. 'నాకు మెట్లు' అని మొదలుపెట్టానో లేదో, అదే ముందుకొచ్చి 'నాకు మెట్లు అంటే భయం' అని పూర్తిచేసింది. నా వాక్యాలు పూర్తిచేసుకునే శక్తి నాకింకా ఉంది. అందుకే ఈ కాగితం. మీరూ కాగితం మీదే జవాబివ్వండి.

ఇక అసలు సంగతి. మాది లిఫ్టు లేని మేడ. కింద మా అమ్మాయి, అల్లుడు ఉంటారు. మొదటి అంతస్తులో టైలరు కుటుంబం, రెండో దాంట్లో రిటైరైన ప్లీడరు గారు. మూడో అంతస్తు నాది. ఆసుపత్రి నుంచి రాగానే నన్ను కింద ముందుగదిలో పెట్టారు. పెట్టారు అన్న మాట సరైనదే. గొడుగును మూల పెట్టినట్టే పెట్టారు. మా అల్లుడు ఇన్సూరెన్సు ఏజెంటు. అతని కోసం వచ్చినవాళ్ళు నా మంచం పక్కనే కూర్చుంటారు. "చూడండి సార్, మా అత్తయ్యగారికి ఇలా అవుతుందని మొన్నటిదాకా ఎవరైనా అనుకున్నారా?" అంటూ నా వైపు చెయ్యి చూపిస్తాడు. వాళ్ళు నన్ను చూసి నిట్టూర్చి సంతకం పెట్టేస్తారు. నేనిలా మంచాన పడ్డాక అతని వ్యాపారం బాగా లేచింది.

మనిషి చెడ్డవాడు కాదు. నేను పడిన రోజు చప్పుడు విని మూడంతస్తులూ పరిగెత్తుకొచ్చింది అతనే. గుమ్మంలోనే గుండె పట్టుకుని, మాట రాక చాలాసేపు అలా నిలబడిపోయాడు. నేనంటే అతనికింత ప్రాణమని అప్పుడే తెలిసింది. అయితే ఆ తర్వాత నా ఇంటి తాళంచెవి మీద కూడా ప్రేమ పుట్టింది. అది అతని జేబులో ఉంది. "అత్తయ్యా, మీరు మెట్లెక్కగలరని ఆ విభాగం వాళ్ళు రాసిస్తే అదే నిమిషంలో తాళంచెవి మీ చేతిలో పెడతాను. నెలాఖరుకి రాకపోతే మాత్రం పైన నా ఆఫీసు పెట్టుకుంటాను, ఏమీ అనుకోకండి" అన్నాడు. అనుకుంటున్నాను.

తోడు మనిషి ఉంటే మెట్లెక్కొచ్చని డాక్టరు చెప్పాడు. కాబట్టి నాకు కుర్చీ వ్యాయామాలు వద్దు, మెట్లు నేర్పండి. నా కిటికీ, నా పుస్తకాల బీరువా, వేస్తే నిజంగా మూసుకునే నా తలుపు పైనే ఉన్నాయి. ఇంకో నెల ఈ ముందుగదిలో ఉంటే, రోజూ వినీ వినీ, నేను 'ఇలా అయిపోయిన మనిషిని' అని నేనే నమ్మేస్తాను. నమ్మదలుచుకోలేదు.

ఇట్లు,
ముందుగదిలో తాత్కాలికంగా ఉన్న
రిటైర్డ్ ఫిజిక్స్ టీచరు

తా.క. స్టూలును వీధి మలుపులో వడ్రంగికి ఇచ్చాం. దాన్ని ఎవరూ 'అద్భుతం' అనడం లేదు. అయినా కోలుకుంటోందట.

*

అమ్మా,
నమస్కారం.

మా విభాగానికి ఇంతవరకు కాగితం మీద ఉత్తరం రాలేదు. దీన్ని ఎక్కడ దాఖలు చెయ్యాలో తేలక జవాబు ఆలస్యమైంది. స్టూలు విషయంలో మీ సవరణను నమోదు చేసుకున్నాం.

డాక్టరుగారి అనుమతి ఉంది కాబట్టి మెట్లు మొదలుపెట్టవచ్చు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. తోడు మనిషి ఎప్పుడూ మీకు ఒక మెట్టు కిందే ఉండాలి. దిగేటప్పుడు పక్కవాటుగా తిరిగి, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని దిగండి. ఇంట్లో నడిచేటప్పుడు రెండు చేతులూ వాకరు మీదే. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: మెట్ల మీద ఉన్నంతసేపూ రెయిలింగు మీది నుంచి చెయ్యి ఎత్తకూడదు, నెమ్మదిగా జరుపుకుంటూ పోవాలి.

మీరు మెట్లెక్కగలరని మేము రాసివ్వడానికి ఆధారం మీ చేతిపట్టీ పంపే లెక్క. అందులో ఒక శుభవార్త ఉంది. మీ సాయంత్రం వ్యాయామం అసాధారణంగా ఉంది. ఈ వారం మా దగ్గరున్న పెద్దవాళ్ళందరిలోనూ మీరే ముందున్నారు! ఉదయాలు మాత్రం నిరాశగా ఉన్నాయి. మీరు మంచం దిగుతున్న జాడే లేదు. దయచేసి సాయంత్రం చూపిస్తున్న ఉత్సాహాన్ని ఉదయం కూడా చూపించండి.

ఇట్లు,
వ్యాయామ సలహాదారు

తా.క. ట్యాబులో 'అద్భుతం' అనే అమ్మాయిని నేనే. ఒక్కసారి రికార్డు చేశారు, అందరికీ అదే వేస్తున్నారు. మీరు కదిలారో లేదో నాకు అక్కణ్ణుంచి కనపడదు. క్షమించండి.

*

అద్భుతం అమ్మాయికి,
ఆశీస్సులు.

నువ్వే ఆ పిల్లవని తెలిశాక 'మీరు' అనడానికి నోరు రావడం లేదు. రోజూ నా మంచం ఎదుట చేతులు చాపి నవ్వుతున్నదానివి, ఇంట్లో మనిషివైపోయావు. నీ వీపు కాస్త వంగి ఉంటుంది, చూసుకో.

నా ఉదయాల గురించి రాసినదంతా అబద్ధం. రోజూ మా అమ్మాయి తన పని మానుకుని ఒక మెట్టు కింద నిలబడుతుంది. నేను నీ నియమం ప్రకారం రెయిలింగు పట్టుకుని, చెయ్యి ఎత్తకుండా, నత్తలాగా జరుపుకుంటూ ఎక్కుతున్నాను. టైలరు భార్య తన గుమ్మం ముందు ఒక కుర్చీ వేసి ఉంచుతుంది. నిన్న దాని దాకా వెళ్ళి కూర్చున్నాను. "మాస్టారమ్మా, నీళ్ళిమ్మంటారా?" అంది. "నీళ్ళు వద్దు గానీ, నీ మొగుణ్ణి వచ్చి నన్ను చూడమను, మా అల్లుడితో చెప్పడానికి సాక్షి కావాలి" అన్నాను. అతను మెడలో టేపుతో వచ్చి చూసి, అలవాటు కొద్దీ నా జాకెట్టు చెయ్యి కొలతకు రాలేదన్నాడు. రెండో అంతస్తు ప్లీడరు గారు కూడా తన గుమ్మం ముందు ఒక కుర్చీ వేయించారు. 'ఇంకా రాలేదేం?' అన్నట్టుగా ఉందది. అది ఈ వారం నా లక్ష్యం.

ఇక నువ్వు మెచ్చుకున్న సాయంత్రాలు. ఆ వేళకు నేను కుర్చీలోంచి కదలను. ప్లీడరు గారు కిందికొస్తారు, ఇద్దరం పేకాడతాం. ఆయన ముక్కలు దాస్తారు, నేను పట్టుకుంటాను. ఆయన వాదిస్తారు, నేను బల్ల గుద్దుతాను. అంతకు మించి అక్కడ ఏ వ్యాయామమూ జరగదు. చెయ్యని పనికి మెప్పు తీసుకునే అలవాటు నాకు లేదు. సాయంత్రం మార్కులు కొట్టేసి ఉదయానికి వెయ్యి.

నిజం రాసింది,
ఫిజిక్స్ టీచరు

తా.క. ప్లీడరు గారు నీ ఉత్తరం చదివి, "ఈ పట్టీని నేను కోర్టులో సాక్షిగా ఒప్పుకోను, దానికి జ్ఞాపకమే గానీ బుద్ధి లేదు" అన్నారు. ఆ మాట అంటూ ఒక ముక్క చొక్కా చేతిలోకి తోశారు.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ ఉత్తరాన్ని మా పై అధికారి స్వయంగా పరిశీలించారు. మీరు ఉదయం మెట్లెక్కానంటున్నారు, పట్టీ ఆ సమయంలో మీరు నిశ్చలంగా ఉన్నారంటోంది. సాయంత్రం కూర్చున్నానంటున్నారు, పట్టీ మీరు హుషారుగా కదులుతున్నారంటోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొందరు పెద్దవాళ్ళకు ఏది ఎప్పుడు జరిగిందో తారుమారుగా తోచడం మామూలే. కంగారు పడవలసిన పని లేదు.

ముందుజాగ్రత్తగా జ్ఞాపకశక్తి ప్రశ్నలు జతపరుస్తున్నాం. నింపి పంపగలరు. ఈ ఉత్తరం నకలు మీ అల్లుడుగారికి కూడా పంపాం. పరిస్థితి తేలేవరకు మెట్ల విషయమై ఏమీ రాసివ్వలేమని తెలియజేయడానికి విచారిస్తున్నాం.

ఇట్లు,
వ్యాయామ సలహాదారు

తా.క. ఆయన చెబుతుంటే రాశాను. ప్రశ్నలు తేలికే. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంటున్నాను.

*

అమ్మాయీ,

ఈసారి ఆశీస్సులు చివర్లో, మిగిలితే.

మీ నకలు అందిన దగ్గరనుంచి మా అల్లుడు నాతో నెమ్మదిగా, గట్టిగా మాట్లాడుతున్నాడు. మొన్న పొద్దున కాఫీ తెచ్చి, "అత్తయ్యా... ఇవాళ... సోమవారం" అన్నాడు.

"అలాగా బాబూ? నిన్న ఆదివారమని నేనెవరికీ చెప్పలేదే. అయినా కనిపెట్టేశావు!" అన్నాను.

అతను మా అమ్మాయి వైపు జాలిగా చూశాడు. అది నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. అరగంటలో రంగుల దుకాణం నుంచి ఒక కార్డు పట్టుకొచ్చాడు. నా పై గది గోడలకు ఏ రంగు వేస్తే కస్టమర్లకు నమ్మకం కలుగుతుందో నన్నే అడిగాడు! నా గది, నా గోడ, నన్నే!

మీ ప్రశ్నలకు జవాబులు పంపుతున్నాను. 'ఇప్పుడు మీరెక్కడున్నారు?' అన్నారు. ఉండకూడని చోట. 'వందలోంచి ఏడు చొప్పున తీసేస్తూ వెళ్ళండి' అన్నారు. వెళ్ళాను. ఎక్కడ ఆగాలో రాయలేదు కాబట్టి సున్నా దాటి మైనస్‌లోకి కూడా చాలా దూరం వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చాను. 'పెన్సిలు, బల్ల, గడియారం అన్న మూడు మాటలు గుర్తుంచుకోండి' అన్నారు. ఉంచుకున్నాను. మీ విభాగం కూడా మూడు మాటలు గుర్తుంచుకోవాలి: రెయిలింగు, వాకరు, మణికట్టు. ఎందుకో చెబుతాను, జాగ్రత్తగా విను. ఇది పరీక్షలో వస్తుంది.

కోపంతో నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. నిన్న ఉదయం మామూలుగానే రెయిలింగు పట్టుకుని టైలరు గుమ్మం దాకా ఎక్కాను. మా అమ్మాయి ట్యాబులో పట్టీ లెక్క చూసింది. నేను పడుకున్నానట. అక్కడే కుర్చీలో కూర్చుని పట్టీ విప్పించి చీలమండకు కట్టించుకుని, అదే జాగ్రత్తతో దిగి, మళ్ళీ ఎక్కాను. పట్టీ ఒక్కసారిగా మేలుకుంది. మధ్యాహ్నం మళ్ళీ మణికట్టుకు కట్టుకుని, కుర్చీలోంచి లేవకుండా అల్లుణ్ణి పిలిచి, రంగుల కార్డు గురించి నా అభిప్రాయం చేతులు ఊపుతూ వివరంగా చెప్పాను. సగంలో ఉండగానే పట్టీ పచ్చగా వెలిగి 'నేటి లక్ష్యం పూర్తయింది' అంది.

అర్థమైందా? మీ పట్టీకి కాలు సంగతి తెలియదు. చెయ్యి ఊగితే నడిచానంటుంది, రెయిలింగు మీదో వాకరు మీదో ఊగకుండా ఉంటే నిద్రపోయానంటుంది. రెయిలింగు మీది నుంచి చెయ్యి ఎత్తొద్దన్నది మీరే, ఎత్తలేదని మార్కులు కోసిందీ మీరే. నేను మీ మాట వినకుండా చేతులు ఊపుకుంటూ మెట్లెక్కి మళ్ళీ పడి ఉంటే నాకు ప్రథమ బహుమతి వచ్చేది!

జ్ఞాపకశక్తికేమీ ఢోకా లేని,
ఫిజిక్స్ టీచరు

తా.క. ఆశీస్సులు మిగిలాయి. తీసుకో.

ఇంకో తా.క. మీ పట్టీ లెక్క ప్రకారం, అల్లుణ్ణి పావుగంట తిట్టడం పార్కు చుట్టూ నడిచి రావడంతో సమానం. దీన్ని మీ వ్యాయామాల్లో చేరిస్తే అత్తలందరూ త్వరగా కోలుకుంటారు.

*

టీచరు గారికి,

మా ఆఫీసుకు లిఫ్టుంది. ఇక్కడ చేరాక నేను మెట్లెక్కలేదు. మీ ఉత్తరం చదివి, పట్టీ కట్టుకుని, రెయిలింగు మీది నుంచి చెయ్యి ఎత్తకుండా పై అంతస్తుదాకా వెళ్ళాను. నేను కూడా పడుకున్నానట. ఆయాసం మాత్రం నిజంగానే వచ్చింది.

తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి, వాకరు మీద నడిచే పెద్దవాళ్ళెవరెవరికి 'బద్ధకం వదిలి ఇంకొంచెం ప్రయత్నించండి' అని పంపానో చూశాను. చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకాయన 'అలాగేనమ్మా' అని మాత్రమే జవాబిచ్చారు. వాళ్ళందరికీ ఇవాళ క్షమాపణ పంపాను. పట్టీని చీలమండకు మార్చుకోమని కూడా రాశాను. పై అధికారిని అడగలేదు.

అందువల్ల ఆయన నా మీద కోపంగా ఉన్నారు. పట్టీ మణికట్టుకే ఉండాలని నియమంలో ఉందట. నేను మీ తరఫున చాలాసేపు వాదిస్తే చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నారు. గురువారం ఉదయం మీరు మెట్లెక్కుతుంటే ట్యాబులో ఆయన స్వయంగా చూస్తారు. మీ అమ్మాయిగారు ఎప్పటిలాగే ఒక మెట్టు కింద ఉండాలి. ఆవిడ వెనకాల మీ అల్లుడుగారు ట్యాబు పట్టుకుని, మీ పాదాలు కనపడేలా చూపిస్తూ రావాలి. మీ ఇంటి గుమ్మం దాకా ఎక్కితే అప్పటికప్పుడే రాసిస్తారు. ఎక్కలేకపోతే ఇక అడగకూడదన్నారు. నన్ను ఆ గదిలోకి రానివ్వరు.

ఇట్లు,
అద్భుతం

తా.క. మీరు మూడో అంతస్తు చేరకముందు ఆ మాట అనను. ఒట్టు.

*

శ్రీమతి గారికి,

గురువారం జరిగిన ప్రత్యక్ష పరిశీలన ఫలితం.

రెండో అంతస్తు మలుపు దాకా చిత్రం సంతృప్తికరంగా ఉంది. ఆ తర్వాత చిత్రం అదుపు తప్పి, పైకప్పు మాత్రమే కనిపించింది. కుర్చీలో ఎవరో కూలబడిన శబ్దం, ఆ వెంటనే తీవ్రమైన ఆయాసం స్పష్టంగా వినిపించాయి. "మాట్లాడించకండి, ముందు ఊపిరి తీసుకోనివ్వండి" అని ఒక పెద్దమనిషి, "ఇంకొంచెమే, ఇంకొంచెమే" అని ఒక మహిళ బతిమాలడం కూడా విన్నాను. ఆయాసం చాలాసేపు తగ్గలేదు.

మీ వయసులో ఇది అవమానం కాదు. అయితే మూడో అంతస్తు నివాసాన్ని సిఫారసు చెయ్యడం సాధ్యం కాదు. ముందుజాగ్రత్తగా అంబులెన్సును పంపాను.

ఇట్లు,
పై అధికారి,
దూర వ్యాయామ సహాయ విభాగం

*

అద్భుతం అమ్మాయికి,
నిండా ఆశీస్సులు.

మీ పెద్దాయన ఉత్తరం అందింది. ఇందులో కూడా ఒక తప్పుంది. వెళ్ళి ఆయన్ను కుర్చీలోంచి లేపి, నిలబెట్టి, ఇది చదివి వినిపించు.

ఆ ఆయాసం నాది కాదు.

గురువారం అందరం బయలుదేరాం. ముందు నేను, ఒక మెట్టు కింద మా అమ్మాయి, ఆ వెనక ట్యాబుతో అల్లుడు. టైలరు కుర్చీలో కూర్చోకుండానే దాటాను. అతని కుట్టుమిషను ఆగిపోయింది, లోపల్నుంచి చప్పట్లు వినపడ్డాయి. రెండో అంతస్తు చేరేసరికి నా తొడ వణుకుతోంది, దాచను. రెయిలింగు పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నాను. వెనకాల నాకన్నా పెద్ద ఊపిరి వినిపించింది. తిరిగి చూద్దునా, మా అల్లుడు ప్లీడరు గారు నాకోసం వేయించిన కుర్చీలో కూలబడి ఉన్నాడు. ట్యాబు ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. మొహం టమాటాలా అయింది. నోరు తెరుస్తున్నాడు గానీ మాట రావడం లేదు. పాపం, ఒక్క మాట అని ఉంటే అది మగగొంతని మీ పెద్దాయనకు తెలిసేది.

"మాట్లాడించకండి, ముందు ఊపిరి తీసుకోనివ్వండి" అని ప్లీడరు గారు అన్నది అతని గురించి. "ఇంకొంచెమే అమ్మా, ఇంకొంచెమే" అని మా అమ్మాయి అన్నది నాతో. మేమిద్దరం అతన్ని అక్కడే వదిలేసి ఎక్కేశాం. ఆ ఆఖరి మెట్ల గురించి ఎక్కువ రాయను. చెయ్యి ఎత్తలేదు. జరుపుకుంటూ పోయాను. రెయిలింగు అయిపోయిన చోట నా తలుపు ఉంది. దాన్ని ముట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను. మా అమ్మాయి కొంగుతో నా మొహం తుడిచింది. చెమట అనే అనుకుందో, లేక మర్యాదకు ఊరుకుందో అడగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, తాళంచెవి అతని జేబులోనే ఉందని. రెయిలింగు పట్టుకుని వంగి చూసి, "బాబూ, తాళంచెవి తీసుకురా!" అని కేకేశాను.

కింద నుంచి మెల్లగా ఒక చెయ్యి పైకి లేచింది. వేళ్ళ మధ్య తాళంచెవి వేలాడుతోంది. ప్లీడరు గారు అందుకుని పైకి తెచ్చిచ్చారు. ఇంకో అంతస్తు ఎక్కడం కన్నా ఇల్లు వదులుకోవడమే తేలికనిపించింది అతనికి. సాయంత్రం తనే వచ్చి, అంటే మా అమ్మాయితో కబురు పంపి, "పైన ఆఫీసు వద్దులెండి అత్తయ్యా, ఈ మెట్లన్నీ ఎక్కొచ్చినవాళ్ళు పాలసీ కట్టరు, క్లెయిము అడుగుతారు" అన్నాడు. కాబట్టి మీ పెద్దాయన సిఫారసుతో నాకు పని లేదు. ఆయన దాన్ని ఏం చేసుకోవాలో నేను రాయకూడదు. టీచరుగా పనిచేసినదాన్ని.

నీకో విషయం చెప్పాలి. నేను పడిన రోజు గుమ్మంలో గుండె పట్టుకుని మాట రాక నిలబడ్డాడని రాశాను కదా, నేనంటే అంత ప్రాణమని? కొంత నిజమే అయి ఉంటుంది. మిగతాదంతా మూడంతస్తులు.

ఆ ఉదయం అతనింకా ఆ కుర్చీలో ఉండగానే మీ అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు పట్టుకుని ఇద్దరు పైకొచ్చి, "పేషెంటు ఎవరండీ?" అని అరిచారు. నేను పైనుంచి తొంగి చూసి, "మీ పక్కనే, కుర్చీలో" అన్నాను. వాళ్ళు అతన్ని అన్ని రకాలుగా పరీక్షించి, జబ్బేమీ లేదు, కదలిక లేదంతే అని తేల్చి, ఒక కాగితం చేతిలో పెట్టి వెళ్ళారు. చూస్తే అది మీ విభాగంలో చేరే దరఖాస్తు. మా అమ్మాయి అక్కడే నింపింది. ఇప్పుడు నల్లపట్టీ అతని చేతికుంది, ట్యాబు అతని ఒళ్ళో ఉంది. రోజూ ఉదయం నా పేపరు పైకి తెచ్చివ్వడం అతని వ్యాయామం. సాయంత్రం పేకాటకు మాత్రం రానివ్వడం లేదు. దొంగ మార్కులు పడతాయి.

ఇట్లు,
మూడో అంతస్తులో, తన బల్ల దగ్గర, తన కిటికీ తెరుచుకుని కూర్చున్న
ఫిజిక్స్ టీచరు

తా.క. నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తామని బెదిరించారని మా అల్లుడికి ట్యాబులో రాశావట. ఆ పెద్దాయనకు రాసే ఉత్తరాన్ని ప్లీడరు గారు సిద్ధం చేస్తున్నారు. ఆయన చేతిలో ముక్కలు లేనప్పుడు చాలా నిజాయితీపరుడు.

ఇంకో తా.క. ఆదివారం రా. వచ్చే దారిలో, మా వీధి మలుపులో వడ్రంగి కొట్టుంది. నా స్టూలుకు కొత్త కాలు వేసి ఉంచాడు. 'ఫిజిక్స్ టీచరు స్టూలు' అంటే ఇస్తాడు. అక్కడే చదునైన నేల మీద పెట్టి నాలుగు మూలలా నొక్కి చూడు. ఊగితే అతనికే వదిలేసి రా. ఊగకపోతే ఎడమచేత్తో పట్టుకో, కుడిచెయ్యి రెయిలింగు మీద ఉండాలి. అలిసిపోతే దారిలో రెండు కుర్చీలున్నాయి. పైకొచ్చాక స్టూలును ఫ్యాను కిందే పెట్టు. ఒక రెక్క తుడవడం మిగిలిపోయింది. ఈసారి ఎక్కేది నువ్వు, అద్భుతం అనేది నేను.